మావయ్య చెప్పిన నంబరు

మా ఆయన పోయాక పలకరింపుకి వచ్చిన ఆడవాళ్ళందరిదీ ఒకటే గొడవ. ఏడవమ్మా, గట్టిగా ఏడిస్తే తేలికవుతుంది అని. ఏడుపు రాకపోతే ఏం చెయ్యను? పొద్దున్నే లేచేదాన్ని, పాలు కాచేదాన్ని, కొట్టుకి క్యారేజీ సర్దేదాన్ని. ఒకరోజు గడప తగిలి కాలి గోరు లేచిపోయింది. నేల మీద రక్తం చూసి తెలుసుకున్నాను గాని నొప్పి తెలియలేదు. బాధగా ఉందా అంటే లేదు. బాగుందా అంటే అదీ లేదు. పలకరించినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా అని, తలనొప్పిగా ఉందండీ అని చెప్పి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

రోజు మొత్తంలో నా అంతట నేను కావాలని చేసిన పని ఒక్కటే. మధ్యాహ్నం మావయ్యగారికి అన్నం పెట్టి, గిన్నెలు తీసేసి, కొట్టు వెనక గోదాంలో బస్తా మీద కూర్చుని మా ఆయన ఫోనులో ఆయన ఆడే గేమ్ తెరిచేదాన్ని. ఆడటం నాకు రాదు. నేర్చుకోవాలని కూడా లేదు. ఊరికే చూసేదాన్ని.

మాది బెల్లం కమీషన్ కొట్టు. చీడికాడ వైపు రైతులు బెల్లం దిమ్మలు తెస్తారు, పొద్దున వేలంపాట అయిపోతుంది, మధ్యాహ్నానికి మార్కెట్ అంతా ఈగలే మిగులుతాయి. ఆ ఖాళీలో ఆయన ఫోను పట్టుకునేవారు. నలుగురు కలిసి ఒక దీవిలో దిగి, కనబడినవాణ్ణల్లా కాల్చుకుంటూ పోయే ఆట. నలభై దాటిన మనిషి, పొట్ట వచ్చిన మనిషి, చెవుల్లో వైర్లు పెట్టుకుని వెనకాల, వెనకాల, గోడ వెనకాల అని అరుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. బెల్లం బస్తాల మధ్య ఈ యుద్ధం ఏమిటండీ అనేదాన్ని. అక్కడైతే నన్నెవరూ షావుకారు కొడుకు అనరే అని నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే ఇంకా మండేది. దిక్కుమాలిన గేమ్ అని దానికి పేరు పెట్టాను, ఇంట్లో అందరూ అలాగే పిలిచేవారు, చివరికి ఆయన కూడా.

ఆ నలుగురిలో ఒకతనిది రాంబిల్లి. అక్కడికి దగ్గరలో ఏదో కంపెనీలో షిఫ్టుల ఉద్యోగం. ఒక్కసారైనా ఎదురుపడకుండానే మా ఆయన్ని బావా అని పిలిచేవాడు. పెద్దకర్మ రోజున మొదటిసారి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి, గేములో బావకి స్నేహితుణ్ణి అన్నాడు. ఆ మాట అక్కడ కూర్చున్న మా చుట్టాలకి అర్థం కాలేదు, ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అతను అవేమీ పట్టించుకోకుండా బకెట్ అందుకుని బంతి అంతటికీ సాంబారు వడ్డించాడు. నన్ను అక్కా అన్నాడు. అప్పటినుంచి అక్కనే.

గేమ్ తెరవగానే మా ఆయన బొమ్మ వస్తుంది. ఆట మొదలుపెట్టేదాకా అది అలా నిలబడే ఉంటుంది. ఊపిరి తీస్తుంది, భుజాలు కదులుతాయి. కాసేపటికి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటుంది. టోపీ సర్దుకుంటుంది. దాని ఒంటి మీది పచ్చ చొక్కా ఆయన ఏరి కోరి తొడిగింది. పేరు కింద ఒక ముక్క రాసుకునే చోటు ఉంటుంది. అందరూ అక్కడ ఇంగ్లీషులో బడాయిలు రాసుకుంటారట. మా ఆయన తెలుగులో రాసుకున్నారు: ‘కొట్టు కట్టేసి వత్తాను.’ సీజన్లో పని మీద ఉన్నప్పుడు స్నేహితులు పిలుస్తూ ఉంటే తెలియడానికి రాసిన మాట అది. తరువాత తీయడం మరిచిపోయారు.

నేను రోజూ ఆ ముక్క చదివి ఫోను మూసేసేదాన్ని. దానివల్ల ఏం ఒరిగింది అని అడిగితే చెప్పలేను. ఆయన చొక్కాలు ఎవరికో ఇచ్చేశారు, నేను చూస్తూ ఊరుకున్నాను. ఆయన బండి మా తమ్ముడు తీసుకెళ్ళాడు, తాళాలు నేనే ఇచ్చాను. ఇది మాత్రం పోకూడదు అనిపించింది. నాకు ఏదైనా అనిపించడమే అరుదైపోయిన రోజుల్లో అనిపించిన ఒకే ఒక్క సంగతి అది.

ఇక మా కొట్టు ఫోను గురించి చెప్పాలి. గల్లాపెట్టె పక్కన ఒక బటన్ల ఫోను ఉంటుంది. బోర్డు మీద రాసి ఉన్న నంబరు దానిదే. ఇంట్లో గ్యాసుకీ, కరెంటుకీ, బ్యాంకుకీ, ఆధారుకీ అదే నంబరు. మాకే కాదు, మా కొట్టుకి బెల్లం తెచ్చే రైతుల్లో చాలామందికి కూడా అదే. కొందరికి ఫోను ఉండదు, ఉన్నవాళ్ళ సిమ్ములు ఎప్పుడూ మారిపోతూ ఉంటాయి. ఎక్కడ ఫోను నంబరు అడిగినా షావుకారు నంబరు రాయించేస్తారు. షావుకారు కొట్టు ఎక్కడికి పోతుంది మరి. ఆ తరువాత ఏ బ్యాంకులోనో కిటికీ ముందు నిలబడి, పక్కవాళ్ళ ఫోను అడుక్కుని మా కొట్టుకి చేస్తారు. షావుకారుగారూ, నెంబరొచ్చింది సూడండి అంటారు. మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని, ఫోను వెలుతురులోకి తిప్పి, ఒక్కొక్క అంకె విడదీసి చదువుతారు. విన్నవాడు తప్పు రాసుకుంటాడేమోనని మళ్ళీ ఇంకోసారి చదువుతారు.

ఆయనకి ఇంగ్లీషు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. ఆ మెసేజీలో అంకెల చుట్టూ ఏం రాసి ఉంటుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. దీన్ని ఎవరికీ చెప్పవద్దు అని రాసి ఉంటుంది. మా కొట్టులో పొద్దుటినుంచి సాయంత్రందాకా దాన్ని చెప్పడమే పని. ఇన్నేళ్ళలో ఏ రైతుకీ దానివల్ల తేడా రాలేదు. నా పని పక్కన పెట్టినా సరే, ఎవడి నంబరు వాడికి అందించాను అని మావయ్యగారికి అదొక గౌరవం. పాట మధ్యలో ఉన్నా సరే, ఫోను మోగితే ఎత్తి చెప్పేవారు.

మా ఆయన కూడా గేముకి ఆ నంబరే ఇచ్చారు. ఫోను మార్చినప్పుడల్లా గోదాంలోంచి, నాన్నా నెంబరెంత అని కేక వేసేవారు. మావయ్యగారు గల్లా దగ్గరనుంచి అంతకంటే గట్టిగా కేక వేసి చెప్పేవారు. పక్క కొట్టువాళ్ళు, పదండి అందరం రాసుకుందాం అని ఏడిపించేవారు. ఆ ఇద్దరికీ సిగ్గు ఉండేది కాదు.

ఆ రోజు కూడా మామూలుగానే గోదాంలో కూర్చుని గేమ్ తెరిచాను. బొమ్మ రాలేదు. మీ ఖాతాని ఇంకో ఫోనులో తెరిచారు, మళ్ళీ లాగిన్ అవ్వండి అని ఇంగ్లీషులో వచ్చింది. నాకు పాస్‌వర్డు తెలియదు. ఆయన ఫోనులో ఎప్పుడూ తెరిచే ఉండేది కనక అవసరం పడలేదు. నా దగ్గర తాళంచెవి లేదు, తలుపు తీసి ఉందంతే, ఇప్పుడు ఎవరో లోపలనుంచి గడియ పెట్టేశారు. కొట్టు నంబరు కొట్టాను. ఈ నంబరుతో ఏ ఖాతా లేదు అంది. అంకెలు సరిచూసుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే మాట. నా చేతులు వణుకుతాయేమో అని చూసుకున్నాను, వణకలేదు. లేచి వెళ్ళి క్యారేజీ గిన్నెలు తోమి బోర్లించాను. అప్పుడు రాంబిల్లి అతనికి ఫోను చేశాను.

షిఫ్టు దిగి బస్సులో ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, కొట్టు ఫోనుకి పొద్దున్నుంచి ఏం మెసేజీలు వచ్చాయో చూడమన్నాడు. వెళ్ళి చూశాను. మొదటిది ఓటీపీ. దాని వెనకే మీ నంబరు మార్చబడింది అని ఒకటి, మీ ఈమెయిల్ మార్చబడింది అని ఒకటి, మిగతా ఫోనులన్నిటిలోంచీ తీసివేయబడింది అని ఇంకొకటి. ఇది మీరు చేసింది కాకపోతే వెంటనే తెలపండి అని ప్రతిదాని కిందా ఉంది. వాటిలో అంకెలు లేవు కాబట్టి మావయ్యగారు వాటిని చూసి వదిలేసి ఉంటారు. గేమ్ కంపెనీవాడు హెచ్చరించలేదని అనడానికి లేదు. హెచ్చరించాడు, మా గల్లాపెట్టెకి.

“పాస్‌వర్డు ఎవడూ బద్దలుకొట్టడక్కా,” అన్నాడు రాంబిల్లి అతను. “అడుగుతాడు. మనమే ఇత్తాం.”

పాత ఖాతాలకి, మంచి తుపాకులూ చొక్కాలూ కూడబెట్టినవాటికి గిరాకీ ఉంటుందట. తెరిచినవాడు ఒక టీ తాగేంత సేపట్లో నంబరు మార్చి, మెయిల్ మార్చి, ఇంకొకడికి అమ్మేస్తాడట. ఆయన నంబరు కొట్టునంబరని వాడికి ఎలా తెలిసింది అని అడిగాను. బావ ఫోటో ఒకసారి గుర్తు తెచ్చుకో అక్కా అన్నాడు. గేములో ఆయన పేరు పక్కన పెట్టుకున్న ఫోటో నేను తీసిందే. దసరాకి కొత్త బోర్డు వేయించినప్పుడు, దాని కింద చేతులు కట్టుకుని నిలబడ్డారు. తల వెనకాల నంబరు, ఒక్క అంకె కూడా చాటు కాకుండా ఉంటుంది. బోర్డు అంతా పడాలి సుమా అని నాకు మరీ మరీ చెప్పారు.

సాయంత్రం కొట్టు సద్దుమణిగాక మావయ్యగారి దగ్గర కూర్చున్నాను. ఇవాళ కొత్తవాళ్ళెవరైనా నంబరు అడిగారా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

“అడిగేడమ్మా. పొద్దున్న, పాట అవుతుండగా.”

ఎవరు అన్నాను. పేరు చెప్పలేదన్నారు. చాలా మర్యాదగా మాట్లాడాడట, అంకుల్ అన్నాడట.

“మీ అబ్బాయి చెప్పమన్నాడండీ, మీకో నెంబరొస్తాది, అది చెప్పండి, అన్నాడు.”

ఫోను చేసినవాడికి మా ఆయన పోయినట్టు తెలియదు. వాడికి అదొక పాఠం, రోజూ పదిమందికి అప్పజెప్పేది. తండ్రి ఎత్తితే కొడుకు అడగమన్నాడంటాడు, భార్య ఎత్తితే భర్త అడగమన్నాడంటాడు. కాని ఇటువైపు ఫోను ఎత్తిన మనిషి ఎవరు? మాకు మగపిల్లలు లేరు. కొరివి పెట్టింది మావయ్యగారే. ఆ చేత్తోనే ఫోను పట్టుకుని ఆ మాట విన్నారు. విని నంబరు చెప్పారు. అది నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడలేదు. అదెలాగ మావయ్యా అన్నాను.

“తెలుసమ్మా. నాకు తెలీదా ఏటి,” అన్నారు. “వాడు అడిగేడని ఎవరో ఒకరు అన్నారు కదా. ఎన్నాళ్ళయింది ఆ మాట విని. నోటికొచ్చేసింది. రెండుసార్లు చెప్పేను.”

ఆ తరువాత కళ్ళజోడు పెట్టుకుని కొట్టు తలుపులు వేయడానికి లేచారు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. ఆ మర్యాదస్థుడి మీద వచ్చింది, వాడి నోట్లో పురుగులు పడ అనుకున్నాను. ఎవరికీ చెప్పవద్దు అని మావయ్యగారికి రాని భాషలో చెప్పిన కంపెనీ మీద వచ్చింది. మావయ్యగారి మీద మాత్రం రాలేదు. ఆయన మీద నాకు వచ్చింది అసూయ. ఒక్క నిమిషమైనా సరే, ఆయన్ని కొడుకు ఏదో అడిగాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఫోను నేను ఎత్తి ఉంటే నేనూ చెప్పేదాన్నేమో, డిగ్రీ చదివినదాన్ని.

కంపెనీకి రాయడం మొదలుపెట్టాం. పోలీసులకి చెబుదామా అని రాంబిల్లి అతను అన్నాడు గాని, ఏం పోయిందమ్మా అని అడిగితే ఏమని చెప్పాలో నాకు తోచలేదు. ఒక పచ్చ చొక్కా పోయిందండీ, ఒక ముక్క పోయిందండీ అనాలా? అందుకని కంపెనీకే రాశాం. వాళ్ళు ప్రశ్నలు పంపారు. ఖాతా ఎప్పుడు తెరిచారు, మొదట ఏ ఫోనులో ఆడారు, మొదట ఏం కొన్నారు, అప్పటి పాస్‌వర్డు ఏమిటి అని. ఇవన్నీ ఆయనకి తెలుసు. నాకు తెలిసినవి వాళ్ళు అడగలేదు. ఆయన ఓడిపోతే కాఫీలో పంచదార చాలలేదని నా మీద విసుక్కునేవారని వాళ్ళకి అక్కర్లేదు. దొంగని ఒక్క నంబరు అడిగి లోపలికి పంపించారు. నన్ను మాత్రం ఆయన పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగి గుమ్మంలోనే నిలబెట్టారు.

ఖాతాదారు చనిపోయారని, నేను భార్యనని చివరికి రాశాను. మీ నష్టానికి చింతిస్తున్నాం అని ఒక లైను వచ్చింది. దాని కింద, చనిపోయినవారి ఖాతా ఎవరికీ బదిలీ చెయ్యబడదు, మరణ ధ్రువపత్రం పంపిస్తే శాశ్వతంగా మూసివేస్తాం అని వచ్చింది. ఆ కాగితం జిరాక్సులు బ్యాంకులకని తీయించినవి బీరువాలో ఒక కట్టగా ఉన్నాయి. ఫోటో తీసి పంపడానికి ఎంతోసేపు పట్టదు. అలా చేస్తే దొంగకి దక్కకుండా పోతుంది, అది నిజమే. కాని నేను ఒక్కదాన్నే తేల్చగలిగింది కాదు అనిపించి మావయ్యగారిని అడిగాను.

“మూసేత్తే ఏటవుతాది?” అన్నారు.

ఉండదు మావయ్యా, వాడికీ ఉండదు, మనకీ ఉండదు అని చెప్పాను. ఆయన ఎక్కువ ఆలోచించలేదు.

“అయితే వద్దమ్మా. ఎవడి దగ్గరో ఒకడి దగ్గర ఉండనీ.”

రాంబిల్లి అతను నా పేరు మీద వేరే ఖాతా తెరిచి ఇచ్చాడు. పేరు మారినా లోపల ఉండే ఐడీ అంకెలు మారవట. వాటితో వెతికి, ఆయన ఖాతాకి నా చేత స్నేహం అడిగించాడు. అవతలివాడు ఎవరో ఏమిటో చూడకుండా ఒప్పేసుకున్నాడు. అలా మా ఆయనకి నేను గేములో స్నేహితురాలినయ్యాను. లోపల చూస్తే పేరు మారిపోయింది, ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలిపి ఏదో ఉంది. ఫోటో తీసేశారు. పచ్చ చొక్కా బదులు నల్లకోటు, పుర్రెబొమ్మ. కొట్టు కట్టేసి వత్తాను అన్న ముక్క ఉన్నచోట ఏమీ లేదు. నేను ఏది పోకూడదు అనుకున్నానో అది పోయింది. పోయాక ఏమవుతుందా అని కూర్చున్నాను. ఏమీ అవలేదు. సాయంత్రమైంది, లేచి దీపం పెట్టాను.

అయినా చూడటం మానలేదు. ఆ ఖాతాలో ఎవరైనా ఆడుతుంటే పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఆడకపోతే బూడిదరంగులో ఉంటుంది. నేను దాన్ని చూసేదాన్ని. అది ఆయన కాదని నాకు తెలుసు, నాకేమీ మతిపోలేదు. ఏం చూస్తావమ్మా అందులో అని ఒకరోజు మావయ్యగారు అడిగితే ఆ చుక్క చూపించి, వెలిగితే ఉన్నట్టు అని చెప్పాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనానికి పీట మీద కూర్చునే ముందు, ఉన్నాడా అని అడగడం అలవాటు చేసుకున్నారు. ఉన్నాడు అంటే నాలుగు ముద్దలు తినేవారు. లేడు అంటే, ఎండకి పడుకున్నాడేమో అనేవారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు.

కొన్నాళ్ళకి ఆ ఖాతానుంచి నాకు మెసేజీ వచ్చింది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఎవరు మీరు, రోజూ నా ప్రొఫైల్ ఎందుకు చూస్తున్నారు అని. ప్రొఫైల్ చూసినవాళ్ళ పేర్లు అవతలివాళ్ళకి కనబడతాయని నాకు తెలియదు. గోదాంలో బస్తా మీద కూర్చుని ఆ ప్రశ్న చదివాను. ఎవరు మీరు. ఆయన ఖాతా నన్ను అడుగుతోంది. అప్పుడు లోపల ఎక్కడో కలుక్కుమంది. ఇన్ని నెలల్లో మొదటిసారి నొప్పిగా ఉంది, నొప్పే, సందేహం లేదు.

రాసి చెరిపి, రాసి చెరిపి, చివరికి పంపాను. ఇది మావారు ఆడుకున్న ఖాతా బాబూ. ఆయన లేరు. నాకేమీ ఇవ్వక్కర్లేదు, మీరు ఆడుకోండి, ఊరికే చూస్తానంతే అని. అతను వెంటనే చదివినట్టు చూపించింది. చాలాసేపటికి జవాబు వచ్చింది. నేను దొంగతనం చెయ్యలేదండీ, ఒకడి దగ్గర కొనుక్కున్నాను, నాకు తెలియదు, సారీ అండీ అని రాశాడు. పిల్లాడో పెద్దవాడో గాని భయపడ్డాడు. పరవాలేదు బాబూ అని రాశాను. అది వెళ్ళిందో లేదో తెలియలేదు.

మర్నాడు గేమ్ తెరిస్తే నా స్నేహితుల జాబితాలో రాంబిల్లి అతని పేరు ఒక్కటే ఉంది. ఐడీ అంకెలు కొట్టి వెతికాను. మిమ్మల్ని బ్లాక్ చేశారు, ఈ ఖాతా మీకు కనిపించదు అంది. అతను ఆడుతూనే ఉంటాడు, చుక్క ఎక్కడో వెలుగుతూనే ఉంటుంది, నాకు కనబడదు, అంతే. ముందు గదిలో మావయ్యగారు చేతులు కడుక్కుని వచ్చి పీట వాల్చుకున్న చప్పుడు వినబడింది. ఫోను పట్టుకునే వెళ్ళి విస్తరి వేశాను.

“ఉన్నాడామ్మా?” అన్నారు.

“ఉన్నాడు మావయ్యా,” అన్నాను.

అయితే అన్నం పెట్టు అన్నారు. పెట్టాను.